రత్తీ దాటిన గడప

గత నెలలో ఒక ఆదివారం ఉదయం ఒక యువకుడు, ఒక యువతి ఢిల్లీలో నా ఇంటి తలుపు తట్టారు. ఇద్దరూ తెలుగువారే. చదువుకున్నవారు, ఉద్యోగాలు చేసుకుంటున్నవారు. చట్టం కోరే వయస్సు ఇద్దరికీ దాటి కొన్నేళ్ళయింది. మతాలు మాత్రం వేరు. పెద్దలు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే గాక, అమ్మాయిని ఇల్లు కదలనివ్వని పరిస్థితి ఏర్పడేసరికి ఇద్దరూ రైలెక్కి రాజధానికి వచ్చేశారు. ఎవరి ద్వారానో నా చిరునామా సంపాదించారు. పార్లమెంటు వార్తలు రాసే విలేకరికి చట్టాలన్నీ కంఠతా వచ్చి ఉంటాయని మన ప్రాంతాల్లో ఒక నమ్మకం ఉన్నది. వారి పేర్లు, ఊళ్ళు, మతాలు ఈ లేఖలో ఉండవు. ఎందుకో పాఠకులు గ్రహించగలరు.

వారు నన్ను మూడు సంగతులు అడిగారు. పెళ్ళికి ఎన్నాళ్ళు పడుతుంది, ఏమేమి కావాలి, విషయం ఇంటివారికి తెలుస్తుందా అని. మొదటి రెండింటికీ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో సూటిగా సమాధానాలున్నాయి. వరునికి 21, వధువుకు 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ బతికి ఉన్న భార్యగాని భర్తగాని ఉండకూడదు. నిషిద్ధమైన దగ్గరి బంధుత్వం ఉండకూడదు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో ముప్పయి రోజులు నివసించి ఉండాలి. ఆ మీదట వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన తరువాత మరో ముప్పయి రోజులు గడవాలి. ఆపైన ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు చేయాలి.

మూడవ ప్రశ్న దగ్గర నేను తడుముకున్నాను. ఆ నోటీసును అధికారి ఒక పుస్తకంలో నమోదు చేస్తాడు. ఆ పుస్తకాన్ని రుసుము లేకుండా ఎవరైనా వచ్చి చూడవచ్చు. నోటీసు ప్రతిని కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటించాలి. అంతటితో ఆగదు. వధూవరులలో ఎవరి శాశ్వత నివాసమైనా వేరొక జిల్లాలో ఉంటే, ప్రతిని ఆ జిల్లా వివాహాధికారికి పంపాలి, ఆయన దానిని అక్కడి గోడకు అంటించాలి. అంటే, ఎవరి నుంచి తప్పించుకుని వీరు రెండు రోజులు రైలు ప్రయాణం చేసి వచ్చారో, వారి ఊరికి ఆ వార్తను ప్రభుత్వమే తన ఖర్చుతో చేరవేస్తుంది. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఇద్దరిలో ఒకరు మతం మార్చుకుంటే ఈ గొడవ ఉండదు కదా అని మెల్లగా అడిగింది. ఆ ఒకరు ఎవరో ఆమె చెప్పలేదు. చెప్పనక్కరలేదు.

వారు వెళ్ళిన తరువాత నాకు వంద సంవత్సరాల క్రితం సరిగ్గా ఈ ప్రశ్ననే ఎదుర్కొన్న మరొక అమ్మాయి గుర్తుకు వచ్చింది. ఆమె పేరు రతన్‌బాయి పెటిట్. ఆత్మీయులకు రత్తీ. చరిత్ర పుస్తకాల్లో ఆమె మహమ్మదలీ జిన్నా భార్యగా ఒకటి రెండు వాక్యాలలో కనిపించి మాయమవుతుంది. దేశ విభజన నీడ ఆ పేరు మీద ఎంత దట్టంగా పడిందంటే, ఆ పెళ్ళి వెనుక ఉన్న న్యాయశాస్త్ర ప్రశ్నను మనలో చాలామంది పట్టించుకోలేదు. ఆ ప్రశ్నకు ఈనాటికీ పూర్తి సమాధానం దొరకలేదు గనుక ఆమె కథ ఒకసారి చెప్పుకోవడం అవసరం.

రత్తీ 1900 ఫిబ్రవరి 20న బొంబాయిలో జన్మించింది. తండ్రి సర్ దిన్షా మానెక్‌జీ పెటిట్, రెండవ బారొనెట్. తాతగారు బొంబాయి నూలుమిల్లు పరిశ్రమకు పునాదులు వేసినవారిలో ఒకరు. మలబార్ హిల్ మీద వారి భవనం పెటిట్ హాల్ ఆనాటి బొంబాయి సంపదకు నిలువెత్తు చిహ్నం. ఆంగ్ల కవిత్వం, గుర్రాలు, కుక్కలు, పిల్లులు, అన్నిటికీ మించి తనకు తోచినది తాను చేసే స్వభావం, ఇవి ఆమె బాల్యంలోనే స్పష్టపడ్డాయి. హోంరూల్ ఉద్యమ కాలంలో రాజకీయ సభలకు వెళ్ళేది. ఆ సభలలో, తండ్రిగారి విందులలో తరచుగా కనిపించే వ్యక్తి బారిస్టర్ జిన్నా.

జిన్నా అప్పటికి దేశంలో పేరుమోసిన న్యాయవాది, ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్ సభ్యుడు. కాంగ్రెస్‌లోనూ ముస్లిం లీగ్‌లోనూ పెద్ద మనిషి. 1916 డిసెంబరులో లక్నోలో ఆ రెండు సంస్థల మధ్య ఒడంబడిక కుదరడానికి ప్రధాన కారకులలో ఒకడు. పదహారేళ్ళ వయస్సుకు ముందే, ఇంగ్లండుకు ఓడ ఎక్కబోతూ, పెద్దలు కుదిర్చిన బాలికను పెళ్ళాడాడు. ఆయన విదేశంలో ఉండగానే ఆ బాలిక మరణించింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఒంటరిగానే ఉన్నాడు. దిన్షా పెటిట్‌కు ఆప్తమిత్రుడు.

1916 వేసవిలో జిన్నా డార్జిలింగ్‌లో పెటిట్ కుటుంబానికి అతిథిగా వెళ్ళాడు. అక్కడే ఆ నలభయ్యవ పడిలోకి అడుగుపెడుతున్న బారిస్టరు, ఆ పదహారేళ్ళ యువతి ఒక నిర్ణయానికి వచ్చారు. ఒకనాడు జిన్నా, మతాంతర వివాహాల గురించి మీ అభిప్రాయమేమిటని పెటిట్‌ను మాటల మధ్య అడిగాడని, అవి జాతీయ సమైక్యతకు ఎంతో మేలు చేస్తాయని ఆయన జవాబిచ్చాడని, అయితే మీ అమ్మాయిని నాకివ్వండని జిన్నా వెంటనే కోరాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన జూనియరుగా పనిచేసిన ఎం.సి. చాగ్లా దీనిని గ్రంథస్థం చేశారు. కథలోని సంభాషణ ఎలా ఉన్నా, దాని ఫలితం చరిత్ర. తండ్రి మండిపడ్డాడు. కోర్టుకు వెళ్ళి, మైనరైన తన కుమార్తెను జిన్నా కలుసుకోరాదని నిషేధాజ్ఞ తెచ్చాడు.

సిద్ధాంతంగా సమైక్యతను మెచ్చుకుని తన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తలుపు వేసుకున్న మనిషిగా పెటిట్‌ను పరిహసించడం తేలిక. కాని రెండు మాటలు ఆయన పక్షాన చెప్పాలి. వయస్సులో ఇరవై మూడేళ్ళ వ్యత్యాసం ఏ తండ్రినైనా కలవరపెడుతుంది. రెండవది, సమాజం గీసిన గీత ఎంత బలమైనదో ఆయనకు స్వానుభవం. 1902లో ఆర్.డి. టాటా ఒక ఫ్రెంచి వనితను వివాహమాడాడు. ఆమె జొరాస్ట్రియన్ మతం స్వీకరించింది. ఆ నేపథ్యంలో, మతం స్వీకరించిన పరాయివారికి పార్సీ ధర్మనిధులలో, అంత్యక్రియల స్థలాలలో హక్కు ఉంటుందా అనే వివాదం బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ వ్యాజ్యంలో వాదుల పక్షాన మొదటి పేరు సర్ దిన్షా పెటిట్‌దే. 1908లో న్యాయమూర్తులు ఆ హక్కు లేదని తీర్పు చెప్పారు. లోపలికి రావడానికే దారి లేని సమాజంలో బయటికి వెళ్ళిన ఆడపిల్లకు తిరిగి వచ్చే దారి ఉండదని ఆ తండ్రికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఇద్దరూ రెండేళ్ళు వేచి ఉన్నారు. 1918 ఫిబ్రవరి 20న రత్తీకి పద్దెనిమిది నిండాయి. 1875 నాటి చట్టం ప్రకారం మేజరయింది. తండ్రి తెచ్చిన ఉత్తర్వుకు కాలం చెల్లింది. ఇక ఇల్లు విడిచి వెళ్ళిపోతే ఆపగలవారు లేరు. కాని ఇల్లు విడవడం ఒకటి, చట్టసమ్మతంగా వివాహమాడడం మరొకటి. ఏ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

పార్సీ వివాహ చట్టం 1865లో వచ్చింది. అది పార్సీల మధ్య జరిగే వివాహాలకే వర్తిస్తుంది. పైగా ఇరవై ఒక్క సంవత్సరాలు నిండనివారికి తండ్రి సమ్మతి తప్పనిసరి. ఆ తలుపు మూసుకున్నట్టే. మిగిలినది 1872 నాటి మూడవ చట్టం. పాఠకులలో పెద్దవారు దీనిని బ్రహ్మ వివాహ చట్టమన్న పేరుతో విని ఉంటారు. కేశవచంద్ర సేన్ అనుయాయులైన బ్రహ్మసామాజికులు తమ వివాహాలకు చట్టబద్ధత కోరగా, సర్ హెన్రీ మెయిన్ 1868లో దేశీయులందరికీ వర్తించే పౌర వివాహ బిల్లును ప్రతిపాదించాడు. సనాతనులు అన్ని మతాల నుంచీ అభ్యంతరం చెప్పారు. నాలుగేళ్ళ తర్జనభర్జనల తరువాత వెలువడిన చట్టం ఒక వింత రాజీ. దాని కింద పెళ్ళి చేసుకోదలచినవారు తాము హిందువులము కాము, ముస్లిములము కాము, క్రైస్తవులము కాము, పార్సీలము కాము, బౌద్ధ, సిక్కు, జైన, యూదు మతాలలో దేనినీ అవలంబించము అని రాతపూర్వకంగా ప్రకటించాలి. మతమున్నవారికి పౌర వివాహం లేదు. పౌర వివాహం కావాలంటే మతం లేదనాలి.

ఆ చట్టం మన తెలుగువారికి కొత్తది కాదు. 1898 డిసెంబరులో మద్రాసులో సరోజినీ చట్టోపాధ్యాయ, డాక్టర్ గోవిందరాజులు నాయుడుల వివాహం ఈ మూడవ చట్టం కిందనే జరిగింది. ఆ పెళ్ళి జరిపించిన పెద్ద కందుకూరి వీరేశలింగం పంతులుగారు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబపు పంతొమ్మిదేళ్ళ యువతి, బ్రాహ్మణేతరుడైన వైద్యుడు. కులం కాదన్న పెళ్ళిని చట్టం ఔనన్నది. తండ్రి అఘోరనాథులవారు స్వయంగా సంస్కర్త గనుక సమ్మతికి కొరత లేదు. ఆ సరోజినీ నాయుడే తరువాతి కాలంలో హైదరాబాదు నుంచి బొంబాయికి వచ్చి రత్తీకి తల్లివంటి స్నేహితురాలయింది. సరోజిని కుమార్తెలు పద్మజ, లీలామణి రత్తీకి ప్రాణమిత్రులు. రత్తీ వారికి రాసిన లేఖలు ఢిల్లీలోని తీన్‌మూర్తి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

మరి రత్తీ ఆ చట్టాన్ని ఎందుకు ఆశ్రయించలేదు? కారణాలు చట్టంలోనే ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారు తండ్రిగాని సంరక్షకుడుగాని సమ్మతిస్తేనే దాని కింద వివాహమాడాలి. వివాహ ప్రకటన పత్రం మీద ఆ తండ్రి సంతకం కూడా ఉండాలి. పద్దెనిమిదేళ్ళకు ఆస్తి అమ్ముకోవచ్చు, ఒప్పందాలు చేసుకోవచ్చు, వ్యాజ్యాలు వేయవచ్చు. మేజారిటీ చట్టం వివాహ విషయాలను మాత్రం తన పరిధి నుంచి మినహాయించింది. అంటే పౌర వివాహం కోసం రత్తీ మరో మూడేళ్ళు, 1921 దాకా ఆగవలసి వచ్చేది. అంతేకాక రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి. పధ్నాలుగు రోజులు ఆగాలి. నోటీసు పుస్తకం అప్పుడూ అందరికీ తెరిచే ఉండేది. అభ్యంతరమున్నవారు సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చు. బొంబాయిలో పెటిట్ గారి అమ్మాయి పేరున నోటీసు పడితే పధ్నాలుగు రోజులు కాదు, పధ్నాలుగు నిమిషాలు కూడా అది రహస్యంగా ఉండదు.

ఇక వరుని వైపు ఇబ్బంది మరొకటి. జిన్నా బొంబాయి ముస్లిం నియోజకవర్గం నుంచి ఎన్నికైన సభ్యుడు. తాను ముస్లిమును కానని ప్రమాణం చేసిన మరుక్షణం ఆ స్థానంలో కూర్చునే అర్హత పోతుంది. పెళ్ళో, పార్లమెంటరీ జీవితమో తేల్చుకోవలసిన స్థితి.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రమైన మలుపు చూపుతుంది. ఆరేళ్ళ క్రితం, రత్తీ ఇంకా పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, ఈ చట్టం ఇంపీరియల్ కౌన్సిల్‌లో చర్చకు వచ్చింది. బెంగాల్ నాయకుడు భూపేంద్రనాథ్ బసు మత నిరాకరణ షరతును తొలగించాలని ఒక సవరణ బిల్లు తెచ్చాడు. 1912లో దానిపై జరిగిన చర్చను నేను పాత కార్యకలాపాల సంపుటాలలో చదివాను. బిల్లును సమర్థించిన కొద్దిమందిలో జిన్నా ఒకడు. ముస్లిముకు ఇటువంటి వివాహం విషయంలో మత శాస్త్రం అడ్డు చెబుతుందని ఆయన దాచలేదు. అయితే ఆ శాస్త్రంలోని ఎన్నో నియమాలను శాసనసభ అంతకుముందే పక్కకు పెట్టిందని గుర్తు చేశాడు. చదువుకున్న కొద్దిమంది తమ మనస్సాక్షికి విరుద్ధంగా మతాన్ని నిరాకరించకుండా పెళ్ళి చేసుకునే హక్కు కోరుతుంటే, దానివల్ల ఇతరులకు హాని లేనప్పుడు, ఎందుకు కాదనాలని వాదించాడు. ముస్లిం ఓటర్ల ప్రతినిధిగా ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ప్రభుత్వం, సనాతనులు ఏకమై బిల్లును ఓడించారు. ఆ తలుపు తెరిచే ప్రయత్నంలో విఫలుడైన సభ్యుడే ఆరేళ్ళ తరువాత దాని ముందు వరుడుగా నిలబడ్డాడు.

మిగిలింది ఒకే దారి. ఇస్లామీయ న్యాయశాస్త్రం ప్రకారం యుక్తవయస్కురాలైన ముస్లిం స్త్రీ నికాకు నోటీసు బోర్డులు, గడువులు, రిజిస్ట్రార్లు అవసరం లేదు. ఆమె ముస్లిం అయి ఉంటే చాలు. 1918 ఏప్రిల్ 18న బొంబాయి జామా మసీదులో రత్తీ ఇస్లాం స్వీకరించింది. ఆమెకు మరియం అని పేరు పెట్టారు. మరునాడు, ఏప్రిల్ 19న, మలబార్ హిల్‌లోని జిన్నా ఇంట్లో నికా జరిగింది. మెహర్ 1001 రూపాయలుగా రాశారు. వరుడు వేరుగా 1,25,000 రూపాయలు కానుకగా ఇచ్చాడు. మహమూదాబాద్ రాజా పక్కన నిలిచాడు. పెటిట్ దంపతులకు పెళ్ళి సంగతి పత్రికల ద్వారా తెలిసిందంటారు. రెండేళ్ళు తెరుచుకోని పౌర చట్టం తలుపు పక్కనే, మత చట్టం తలుపు రెండు రోజులలో తెరుచుకున్నది. రుసుము మాత్రం వధువు చెల్లించింది. పేరు, పుట్టిన మతం, తల్లిదండ్రుల గడప, అన్నీ ఆ ఒక్క సంతకంతో పోయాయి. వరుడు పోగొట్టుకున్నది ఒక మిత్రుని. నియోజకవర్గం నిలిచింది.

నవదంపతులు నైనిటాల్‌లో కొన్నాళ్ళు గడిపి ఢిల్లీ వచ్చి మెయిడెన్స్ హోటల్‌లో దిగారు. సివిల్ లైన్స్‌లో ఆ భవనం ఇంకా ఉన్నది. ఆనాడు కౌన్సిల్ సమావేశమైన పాత సెక్రటేరియట్, అంటే నేటి ఢిల్లీ శాసనసభ, అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, తన భర్త సభ్యుడుగా కూర్చునే సభా భవనాన్ని ఆ పద్దెనిమిదేళ్ళ యువతి ఏ భావంతో చూసి ఉంటుందోనని అనుకుంటాను.

మొదటి సంవత్సరాలు ఉత్సాహంగానే గడిచాయి. 1918 డిసెంబరులో బొంబాయి గవర్నర్ విల్లింగ్డన్‌కు స్మారకం నెలకొల్పే సభను జిన్నా అనుచరులు టౌన్‌హాల్‌లో అడ్డుకున్నప్పుడు రత్తీ కూడా ఆ పోరాటంలో ఉన్నది. సిమ్లాలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌కు వంగి అభివాదం చేయకుండా చేతులు జోడించి నమస్కరించిందని, రోములో రోమనుల వలె నడుచుకోవాలని ఆయన మందలిస్తే, భారతదేశంలో ఉన్న మీకు భారతీయ పద్ధతిలోనే నమస్కరించానని జవాబిచ్చిందని ఆమె మిత్రులు చెప్పుకునేవారు. రౌలట్ చట్టానికి నిరసనగా 1919 మార్చిలో జిన్నా కౌన్సిల్ సభ్యత్వానికి రాజీనామా చేశాడు. ఆ ఆగస్టులో లండన్‌లో వారికి కుమార్తె జన్మించింది. ఆమెయే దీనా.

కాని 1920 తరువాత దేశ రాజకీయం మారింది. గాంధీజీ సహాయ నిరాకరణను వ్యతిరేకించిన జిన్నా కాంగ్రెస్‌కు దూరమై, తన న్యాయవాద వృత్తిలోను, శాసనసభ పనిలోను మునిగిపోయాడు. రత్తీకి పుట్టింటి సమాజం లేదు. పార్సీలు ఆమెను వెలివేశారు. మెట్టిన సమాజం ఆమెను పూర్తిగా తనదనుకోలేదు. మిగిలినది ఒక్క మనిషి. ఆ మనిషికి తీరిక లేదు. కవిత్వం, దివ్యజ్ఞాన సమాజపు ఆసక్తులు, పెంపుడు జంతువులు ఆ వెలితిని నింపలేకపోయాయి. ఆరోగ్యం చెడింది. 1928 తొలినాళ్ళలో ఆమె భర్త ఇంటి నుంచి తాజ్‌మహల్ హోటల్‌కు మారింది. ఆ వేసవిలో ప్యారిస్‌లో ప్రాణాపాయ స్థితికి చేరగా జిన్నా వెళ్ళి కొన్ని వారాలు దగ్గర ఉన్నాడు. కోలుకున్నాక మళ్ళీ ఎవరి దారి వారిదయింది.

1929 ఫిబ్రవరిలో జిన్నా కేంద్ర శాసనసభ సమావేశాలకు ఢిల్లీలో ఉన్నాడు. వెస్టర్న్ కోర్టులో దివాన్ చమన్‌లాల్‌తో మాట్లాడుతుండగా బొంబాయి నుంచి ట్రంకు కాల్ వచ్చింది. రత్తీ ప్రమాదస్థితిలో ఉన్నదన్న ఆ కబురు చెప్పినవాడు సర్ దిన్షా పెటిట్. పెళ్ళయిన నాటి నుంచి అల్లునితో మామ మాట్లాడడం అదే మొదటిసారి. ఫిబ్రవరి 20న, తన ఇరవై తొమ్మిదవ పుట్టినరోజు నాడు, రత్తీ కన్నుమూసింది. మజగావ్‌లోని ఖోజా షియా శ్మశానవాటికలో ఆమెను ఖననం చేశారు. నిర్వికారంగా కూర్చున్న జిన్నా, సమాధిలో మొదటి పిడికెడు మట్టి వేయమన్నప్పుడు పసివానివలె ఏడ్చాడు. ఆయన బహిరంగంగా కంటతడి పెట్టడం చూసినవారు అరుదు. వెస్టర్న్ కోర్టు వరండాలలో నేను మూడు దశాబ్దాలుగా పార్లమెంటు సభ్యుల కోసం కాచుకుని కూర్చుంటున్నాను. ఏ గదిలో ఆ ఫోను మోగిందో నాకు తెలియదు.

రత్తీ బతికి ఉండగానే చట్టం కొంత మారింది. 1923లో హరిసింగ్ గౌర్ తెచ్చిన సవరణతో హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు తమలో తాము మతాన్ని నిరాకరించకుండా పౌర వివాహం చేసుకునే వీలు కలిగింది. ముస్లిములకు, పార్సీలకు, క్రైస్తవులకు ఆ వీలు రాలేదు. కథలో మరో మలుపు 1938లో వచ్చింది. దీనా పార్సీ కుటుంబానికి చెందిన నెవిల్ వాడియాను పెళ్ళాడదలచింది. అప్పటికి ముస్లిం లీగ్ అధినేత అయిన తండ్రి, దేశంలో లక్షలాది ముస్లిం యువకులుండగా ఇతడేనా దొరికాడని అడిగాడని, లక్షలాది ముస్లిం యువతులుండగా మీరు మా అమ్మను ఎందుకు చేసుకున్నారని కుమార్తె ఎదురు ప్రశ్న వేసిందని చెబుతారు. 1912లో కౌన్సిల్‌లో మాట్లాడిన జిన్నా, 1938 నాటి జిన్నా ఒకే మనిషి అని నమ్మడం కష్టం. తండ్రీ కుమార్తెల మధ్య దూరం ఎన్నడూ పూర్తిగా చెరగలేదు. దీనా ఆ పెళ్ళి చేసుకున్నది. విభజన తరువాత పాకిస్తాన్‌కు తరలిపోలేదు. 2017లో న్యూయార్క్‌లో మరణించింది.

స్వతంత్ర భారత పార్లమెంటు 1954లో మత నిరాకరణ షరతును సమూలంగా తొలగించింది. ఇరవై ఒక్క ఏళ్ళ దాకా తండ్రి సంతకం కావాలన్న నియమమూ పోయింది. అది చిన్న విజయం కాదు. రత్తీకి ఆ చట్టం ఉండి ఉంటే ఆమె రత్తీగానే మిగిలేది. కాని ఆ శాసనకర్తలు ఒకదానిని వదలలేకపోయారు. పధ్నాలుగు రోజుల గడువును ముప్పయి రోజులు చేశారు. నోటీసు గోడకెక్కింది.

ఈ నోటీసు ఆచారం ఎక్కడిదో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారికి తెలుసు. ఇంగ్లండులో 1753 నాటి చట్టం, వివాహ ప్రకటనను మూడు ఆదివారాలు చర్చిలో చదవాలని, మైనర్లు ప్రత్యేక అనుమతి పత్రంతో పెళ్ళాడాలంటే తండ్రి సమ్మతి కావాలని శాసించింది. ఫలితంగా ప్రేమికులు బండి కట్టుకుని, ఆ చట్టం వర్తించని స్కాట్లండు సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్ గ్రామానికి పరుగెత్తేవారు. ఆనాటి నవలలలో సగం గొడవలు ఆ ప్రయాణం చుట్టూనే ఉంటాయి. అప్పటికే పెళ్ళయినవాడు మరొకరిని మోసగించకుండా చూడడం నోటీసుకు చెప్పే న్యాయమైన కారణం. ఆ ప్రయోజనాన్ని నేను కాదనను. కాని హిందూ వివాహ చట్టం కింద పెళ్ళికి ముందస్తు నోటీసు లేదు. నికాకూ లేదు. మోసగాళ్ళు అక్కడ లేరా? అదే మతంలో పెళ్ళాడేవారికి లేని గడువు, మతం దాటేవారిలో ప్రధానంగా ఎందుకన్నది ఎవరూ సంతృప్తికరంగా వివరించలేదు.

న్యాయస్థానాలు కొంత ఊరట కలిగించాయి. వయస్సు వచ్చినవారు కోరిన వ్యక్తిని పెళ్ళాడితే పెద్దలు సంబంధాలు తెంచుకోవచ్చునేగాని బెదిరించడానికి వీలులేదని సుప్రీంకోర్టు 2006లో స్పష్టం చేసింది. నోటీసులను ఇళ్ళకు పంపరాదని ఢిల్లీ హైకోర్టు 2009లో చెప్పింది. నోటీసు ప్రచురణ వధూవరుల ఇష్టానికి వదలాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పునిచ్చింది. కాని పార్లమెంటు చేసిన చట్టంలోని అక్షరం అక్షరంగానే ఉన్నది. మరోవైపు రత్తీ నడిచిన దారి కూడా ఇరుకైంది. ఉత్తరప్రదేశ్ 2020లో ఆర్డినెన్సుగాను, 2021లో చట్టంగాను తెచ్చిన నిబంధనల ప్రకారం మతం మార్చుకోదలచినవారు అరవై రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. పెళ్ళి కోసమే జరిగిన మార్పిడి అని తేలితే ఆ పెళ్ళి చెల్లదు. పెళ్ళికోసం ఒక స్త్రీ మతాన్ని వదులుకోవలసి రావడం నాకు ఏనాడూ మంచిగా తోచలేదు. అయితే దానికి మందు పౌర వివాహపు తలుపును బార్లా తెరవడం. ఆ తలుపుకు ముప్పయి రోజుల గొళ్ళెం అలాగే ఉంచి, రెండవ తలుపుకు అరవై రోజుల తాళం వేస్తే ఆ జంట ఎక్కడికి పోవాలి?

పార్లమెంటు ఒక చిన్న సవరణతో దీనిని సరిచేయవచ్చు. వయస్సు, వైవాహిక స్థితి, బంధుత్వం విషయంలో వధూవరులు ప్రమాణపత్రం ఇస్తే చాలు. అబద్ధమని తేలితే శిక్షించడానికి చట్టంలో ఇప్పటికే వీలున్నది. ఏ పక్షమైనా ఇందుకు పూనుకుంటుందా అంటే, ప్రెస్ గ్యాలరీలో కూర్చున్నవానిగా నాకు పెద్ద ఆశ లేదు. 1912లో ఆ మాట అన్న సభ్యునికి దక్కిన ఓట్ల వంటివే ఇప్పుడూ దక్కవచ్చు.

నా ఇంటికి వచ్చిన జంట రెండు వారాలు ఆలోచించుకుని, ఎవరూ మతం మార్చుకోకూడదని నిశ్చయించుకున్నారు. ఢిల్లీలో ముప్పయి రోజుల నివాసం పూర్తయిన మరునాడు నోటీసు ఇచ్చారు. ఈ లేఖ రాస్తున్న నాటికి పదకొండు రోజులు గడిచాయి. ప్రతిని వారి జిల్లాలకు కూడా పంపుతామని కార్యాలయంలో చెప్పారట. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆ రోజు సంతకం చేయవలసిన ముగ్గురు సాక్షులలో ఇద్దరు అబ్బాయి స్నేహితులు. మూడవ సాక్షిని నేను.